ఛాయాచిత్రములను గుంపుగా చిన్నవి చేయుట

విద్యార్థులారా! మన అంబత్తూరు పారిశ్రామికవాడను ఎరుగనివారు మీలో ఎవరును ఉండరు. 1964లో నెలకొల్పబడిన ఆ వాడలో మీ తండ్రులును, అన్నలును అనేకులు పనిచేయుచున్నారు. అచ్చటి చిన్న కర్మాగారమునకు వెళ్లి చూడుడు. నూరు ఇనుప పలకలకు ఒకే తావున రంధ్రము వేయవలసి వచ్చినప్పుడు పనివాడు నూరు మారులు కొలత తీసికొనడు. జిగ్ అను పట్టును ఒక్కమారు సరిగా అమర్చుకొనును. ఆ పిమ్మట ఒక్కొక్క పలకను అందులో బిగించి రంధ్రము వేయుచు పోవును. కొలత ఒక్కటే; పని నూరింతలు. అయితే జిగ్ వెండ్రుకవాసి పక్కకు జరిగినచో నూరు పలకలును పాడైపోవును. అందుచేతనే మొదటి పలకను తీసి, కొలిచి, సరిగా ఉన్నదని తేల్చుకొనిన పిమ్మటనే తక్కిన పలకల జోలికి పోవుదురు.

ఈ కర్మాగార నీతి కంప్యూటరుపై చేయు పనికి కూడ వర్తించును. మన పాఠశాల వార్షికోత్సవమునాడు 240 ఛాయాచిత్రములు తీసిరనుకొందము. ఒక్కొక్కటి 4 మెగాబైట్ల చొప్పున మొత్తము 960 మెగాబైట్లగును. వానిని పూర్వవిద్యార్థులకు పంపవలెను; కొన్నింటిని పత్రికలో అచ్చువేయవలెను. ఒక్కొక్క చిత్రమును తెరచి చిన్నది చేసి భద్రపరచుటకు ఒక్క నిమిషము పట్టినను, మొత్తము నాలుగు గంటల కాలము పట్టును. అదే పనిని గుంపుగా చేయుమని కంప్యూటరునకు ఒక్కమారు చెప్పినచో కొద్ది నిమిషములలో ముగియును. దీనినే బ్యాచ్ పద్ధతి అందురు. ఈ పద్ధతిని ఎట్లు నడుపవలెనో, అందు ఏ అపాయము దాగియున్నదో ఈ పాఠమునందు తెలిసికొందము.

1. చిత్రమనగా చుక్కల పట్టిక

కంప్యూటరులోని ఛాయాచిత్రమును భూతద్దముతో చూచినట్లు పెద్దది చేసి చూచినచో గళ్లగుడ్డవలె చిన్నచిన్న చతురస్రములు కానవచ్చును. వానిని పిక్సెళ్లు అందురు. మనము చుక్కలని పిలుచుకొందము. ఒక్కొక్క చుక్కకు మూడు అంకెలు ఉండును. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలము ఎంత అని ఆ అంకెలు తెలుపును. ఒక్కొక్క అంకె 0 మొదలు 255 వరకు ఉండవచ్చును.

ఒక చిత్రము వెడల్పు 4000 చుక్కలు, ఎత్తు 3000 చుక్కలు అనుకొందము. మొత్తము చుక్కలు 1,20,00,000. దీనినే పన్నెండు మెగాపిక్సెళ్లని దుకాణములలో చెప్పుదురు. చుక్కకు మూడు అంకెల చొప్పున 3,60,00,000 అంకెలు కావలెను. అనగా 36 మెగాబైట్లు. అయినను ఫైలు సుమారు 4 మెగాబైట్లే ఉండుట చూచుచున్నాము. తక్కినది ఏమైనదో తరువాత చూతము.

ఎన్ని చుక్కలు కావలెనన్నది చిత్రమును ఎచ్చట చూపుదుమన్న దానిపై ఆధారపడియుండును. మంచి అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలు ఉండవలెనని ముద్రణాలయమువారి లెక్క. పత్రికలో 4 అంగుళముల వెడల్పున వేయు చిత్రమునకు 1200 చుక్కలు చాలును. ముఖపత్రముపై 8 అంగుళముల వెడల్పున వేయుటకు 2400 చుక్కలు కావలెను. ఫోనులో చూచుకొనువారికి 1200 చుక్కల చిత్రము చక్కగానే కనబడును. కావున ఫోనునకై చిన్నది చేసిన చిత్రమును ముఖపత్రమునకు పంపరాదు. అక్కరను ముందు నిర్ణయించుకొని, కొలతను ఆ తరువాత నిర్ణయించుకొనవలెను.

2. నాలుగు చుక్కలు ఒక్కటి యగుట

చిత్రమును సగము వెడల్పునకు, సగము ఎత్తునకు తగ్గించినప్పుడు నాలుగు చుక్కలు ఉండిన చోట ఒక్క చుక్కయే మిగులును. ఆ ఒక్క చుక్కకు ఏ వెలుగు ఇవ్వవలెను? సులభమైన మార్గము సగటు తీయుట. నాలుగు చుక్కల వెలుగు 200, 180, 60, 40 అనుకొందము. వాని మొత్తము 480, సగటు 120. కొత్త చుక్కకు 120 వ్రాయబడును. సాఫ్ట్‌వేరులో బైక్యూబిక్, లాంక్జోస్ మొదలగు పేర్లు కానవచ్చును. అవి ఇంకను కొంత దూరమునగల చుక్కలను కూడ లెక్కలోనికి తీసికొని, దగ్గరివానికి ఎక్కువ విలువ ఇచ్చు సగటు పద్ధతులే.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసికొనుడు. 120 అను అంకె మాత్రమే చేతిలో ఉన్నచో అది ఏ నాలుగు అంకెలనుండి వచ్చినదో చెప్పగలరా? 200, 180, 60, 40 అయినను కావచ్చును. నాలుగును 120 అయినను కావచ్చును. 130, 110, 125, 115 అయినను కావచ్చును. మొదటిదానియందు వెలుగునకు చీకటికి నడుమ స్పష్టమైన అంచు ఉన్నది. రెండవదానియందు ఏమియు లేదు. సగటు తీయగానే ఆ భేదము నశించినది. చిన్న చిత్రమును మరల పెద్దది చేసినచో యంత్రము ఊహించి చుక్కలను నింపునే గాని, పోయిన చుక్కలను తేజాలదు. నేడు కృత్రిమ మేధతో చిత్రములను పెద్దవి చేయు యంత్రములు వచ్చినవి. అవియు అంతే, చూచుటకు ముఖము స్పష్టముగా ఉండును, కాని ఆ ముఖము యంత్రము కల్పించినది, ఆ మనుష్యునిది కాదు.

3. జేపెగ్, అందు మద్రాసు పట్టభద్రుని పాలు

ముప్పదియారు మెగాబైట్లు నాలుగు మెగాబైట్లుగా ఎట్లు కుదించుకొనిపోయినవి? అది జేపెగ్ అను పద్ధతి వలన కలిగిన ఫలము. ఈ పద్ధతికి 1992లో అంతర్జాతీయ ప్రమాణముగా గుర్తింపు లభించినది. దాని గర్భమునందున్న గణితమును మాత్రము అంతకు ముందే ముగ్గురు పండితులు కనుగొనిరి. బెంగుళూరులో జన్మించిన నసీర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, ఆచార్య కామిశెట్టి రామమోహనరావు అనువారు 1974 జనవరిలో ప్రకటించిన పరిశోధనపత్రమున డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అను దానిని వెల్లడించిరి. అహ్మద్ 1972లో ఈ పనికై అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను ధనసాహాయ్యము కోరగా వారు నిరాకరించిరి. అయినను ఆయన పని మానలేదు. రామమోహనరావుగారు 1952లో మన మద్రాసు విశ్వవిద్యాలయమునుండి ఇంజనీరింగు పట్టము పొందినవారు. తరువాత అమెరికాకు వెళ్లి టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో చిరకాలము ఆచార్యులుగా ఉండి, 2021లో కాలధర్మము చెందిరి. నేడు మీ ఫోనులో చిత్రము తీసిన ప్రతి పర్యాయము ఇట్టి గణితమే పనిచేయుచున్నది.

ఆ పద్ధతి సారము ఇది. చిత్రమును నిలువున ఎనిమిది, అడ్డముగా ఎనిమిది చుక్కలు గల గళ్లుగా విభజింతురు. ఒక్కొక్క గడియందు 64 చుక్కలు ఉండును. ఆ 64 అంకెలను 64 నమూనాల కలయికగా మార్చి వ్రాయుదురు. వానిలో కొన్ని నెమ్మదిగా మారు వెలుగును, కొన్ని వడివడిగా మారు వెలుగును తెలుపును. మన కన్ను నెమ్మదిగా మారువానిని బాగుగా పట్టుకొనును. మిక్కిలి సూక్ష్మముగా మారువానిని అంతగా గమనింపదు. కావున ఆ సూక్ష్మభాగములను స్థూలముగా గుండుసున్నలకు, గుండ్రని అంకెలకు దించివేయుదురు. ఫైలు చిన్నదగును, కన్ను మోసపోవును.

ఇందువలన రెండు విషయములు గ్రహింపదగినవి. మొదటిది, జేపెగ్ చిత్రమును తెరచి, మార్చి, మరల భద్రపరచిన ప్రతి పర్యాయము కొంత నష్టము కలుగును. రెండవది, సాఫ్ట్‌వేరు అడుగు నాణ్యత అంకెను 80, 90ల నడుమ ఉంచినచో కంటికి లోటు కనబడదు. 30, 40లకు దించినచో ముఖములపై గళ్లు, అక్షరముల చుట్టు మురికి కనబడును.

4. త్రైరాశికము మరువరాదు

4000 వెడల్పు, 3000 ఎత్తు గల చిత్రమును 1200 వెడల్పునకు తగ్గించినచో ఎత్తు ఎంత ఉండవలెను? 3000ను 1200తో గుణించి 4000తో భాగింపగా 900 వచ్చును. 6000 వెడల్పు, 4000 ఎత్తు గల చిత్రమునకు మాత్రము 800 వచ్చును. నిలువుగా తీసిన చిత్రములందు ఎత్తే ఎక్కువ. కావున అన్ని చిత్రములను 1200 వెడల్పు, 900 ఎత్తుగా చేయుమని ఆజ్ఞాపించినచో యంత్రము మారుమాటాడక నిలువు చిత్రములను అడ్డముగా సాగదీసివేయును. సన్నని బాలుడు లావగును. నాట్యము చేయు బాలిక పొట్టిదగును. పొడవైన అంచు 1200 ఉండవలెననియు, నిష్పత్తి చెడరాదనియు చెప్పుటయే సరియైన ఆజ్ఞ. ఇదివరకే 1200కు తక్కువగా ఉన్న చిత్రములను పెద్దవి చేయవద్దని కూడ చెప్పవలెను.

పరీక్షల దరఖాస్తులతో పంపు చిత్రములకు ఇన్ని కిలోబైట్లు మించరాదను నియమము ఉండును. చుక్కల లెక్క వేరు, కిలోబైట్ల లెక్క వేరు అని గుర్తుంచుకొనుడు. ముందు చుక్కలను తగ్గించి, అప్పటికిని ఫైలు బరువు తగ్గనిచో నాణ్యత అంకెను కొంచెము తగ్గింపవలెను.

5. నా పొరపాటు

ఇంత జాగ్రత్త ఎందుకని మీరు అడుగవచ్చును. నేను ఇదివరలో పనిచేసిన ఒక పాఠశాలయందు జరిగిన సంగతిని దాచక చెప్పెదను. 2014లో అచ్చటి పూర్వవిద్యార్థి ఒకరు తమ యింటనున్న పాత ఆల్బమును నాకు ఎరువిచ్చిరి. అందు ఆ పాఠశాల తెలుగు తరగతుల సామూహిక చిత్రములు నలుబది ఉండెను. అట్టల అడుగున పిల్లల పేర్లు వరుసక్రమమున సన్నని తెలుగు అక్షరములతో వ్రాసియుండెను. నేను ఒక్కొక్క చిత్రమును అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కానుచేసి, ఆల్బమును మరల వారికి అప్పగించితిని.

ఆ చిత్రములను ఫోనుల ద్వారా అందరకు పంపదలచి, వెడల్పు 600 చుక్కలు ఉండునట్లు గుంపుగా చిన్నవి చేసితిని. ఫలితములను వేరొక ఫోల్డరులో ఉంచుమని చెప్పుట మరచితిని. ఈ పేరుతో ఫైలు ఇదివరకే ఉన్నది, దానిపైననే వ్రాయవచ్చునా అని యంత్రము అడిగినది. చదువకయే అన్నింటికి సమ్మతమని నొక్కితిని. ఒక్క నిమిషములో నలుబది చిత్రములును చిన్నవైనవి. మూలములు పోయినవి. నాడు నేను కలత చెందలేదు. ఆల్బము ఉన్నది గదా, మరియొకమారు స్కానుచేయవచ్చును అనుకొంటిని. ఆ పనిని నేడు రేపు అనుచు వాయిదా వేసితిని. 2015 డిసెంబరు వరదలలో వారి యింటిలోనికి నీరు వచ్చినది. ఆల్బము పుటలు ఒకదానికొకటి అంటుకొని ముద్దయైపోయినవి.

నాలుగేండ్ల తరువాత ఒక స్త్రీ నన్ను వెదకుకొని వచ్చినది. ఆమె తండ్రి ఆ పాఠశాలలో చదివినవాడు. అప్పటికి కొద్ది నెలల క్రితమే మరణించెను. ఆయన చిన్ననాటి చిత్రము ఇంటిలో ఒక్కటియు లేదు. ఆ సంవత్సరపు సామూహిక చిత్రమును తెరచి చూపితిని. వెనుక వరుసలో పదునైదుగురు బాలురు నిలిచియున్నారు. ముఖమును పెద్దది చేయగా మబ్బువంటి మచ్చలే కనబడినవి.

లెక్క చూడుడు. పది అంగుళముల చిత్రము 600 చొప్పున 6000 చుక్కలు. అందొక్క ముఖము వెడల్పున సుమారు 200, ఎత్తున సుమారు 200 చుక్కలు. అనగా 40,000 చుక్కలు. పదియవ వంతునకు తగ్గింపగా ముఖమునకు 20 వెడల్పు, 20 ఎత్తు. అనగా 400 చుక్కలే మిగిలినవి. నూటికి ఒక్కటి. అడుగునగల పేర్ల అక్షరములు రెండు మిల్లీమీటర్ల ఎత్తు. మొదట అవి 47 చుక్కల ఎత్తున ఉండెను. తరువాత ఐదు చుక్కలైనవి. అయిదు చుక్కలలో తలకట్టు ఎక్కడ, గుడి ఎక్కడ, ఒత్తు ఎక్కడ? పేరు చదివి వరుసను లెక్కించి ఆ బాలుని గుర్తింపవచ్చునన్న ఆశయు తీరిపోయినది.

ఆమె చాలసేపు తెరవైపు చూచినది. “సార్, వీళ్లలో మా నాయన ఎవరో ఒకరు కదా, అది చాలు” అని లేచి పోయినది. ఆమె నన్ను నిందింపలేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనిన ఫలమేమి? నాటినుండి ఈ పాఠమును ప్రతి సంవత్సరము విద్యార్థులకు చెప్పుచున్నాను.

6. పని చేయు క్రమము

ఇందుకు పనికివచ్చు సాఫ్ట్‌వేరులు పెక్కులు కలవు. విండోస్ యంత్రములపై ఇర్ఫాన్‌వ్యూ అనునది తేలికయైనది. బోస్నియాలో జన్మించిన ఇర్ఫాన్ స్కిల్యాన్ దీనిని రచించి 1996లో మొదటిసారి వెలువరించెను. విద్యాసంస్థలకు ఇది ఉచితము. దీనితో పని ఈ క్రమమున సాగవలెను.

మొదట రెండు ఫోల్డర్లు చేసికొనుడు. ఒకదానికి ‘మూలములు’ అనియు, రెండవదానికి ‘చిన్నవి’ అనియు పేరు పెట్టుడు. మూలముల ప్రతిని పెన్‌డ్రైవులోనో, వేరొక యంత్రములోనో కూడ ఉంచుడు. ఈ పని ముగియువరకు తక్కినది ముట్టవద్దు.

పిమ్మట ఇర్ఫాన్‌వ్యూను తెరచి బి అను మీటను నొక్కినచో బ్యాచ్ కన్వర్షన్ అను కిటికీ తెరచుకొనును. ఫలితము జేపెగ్ రూపమున ఉండవలెనని ఎంచుకొని, నాణ్యత 85 అని వ్రాయుడు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అను గడిని గుర్తుపెట్టి, పక్కనున్న మీటను నొక్కుడు. అందు రీసైజ్ విభాగమున పొడవైన అంచు 1200 అని వ్రాయుడు. నిష్పత్తిని కాపాడుమను గుర్తు, చిన్న చిత్రములను పెద్దవి చేయవద్దను గుర్తు రెండును ఉన్నవో లేవో చూడుడు. ఉన్న ఫైళ్లపై వ్రాయుట, పని ముగిసిన పిమ్మట మూలములను తొలగించుట అను రెండు గడులు అచ్చటనే కలవు. ఆ రెంటిని ఖాళీగా ఉంచుడు.

తరువాత ఫలితముల చోటుగా ‘చిన్నవి’ ఫోల్డరును బ్రౌజ్ మీటద్వారా చూపుడు. ఇప్పటి ఫోల్డరునే వాడుమను మీట పక్కనే ఉండును, దానిని నొక్కవద్దు.

ఇక మొదటి పలకను కొలుచు ఘట్టము. 240 చిత్రములను ఒక్కమారు చేర్పక, అడ్డముగా తీసినది ఒకటి, నిలువుగా తీసినది ఒకటి, గుంపుగా మనుష్యులున్నది ఒకటి, మూడింటినే చేర్చి స్టార్ట్ బ్యాచ్ నొక్కుడు. ఫలితములను తెరచి చూడుడు. ముఖములు సాగినవా? వెనుక వరుస కనబడుచున్నదా? మూలముల ఫోల్డరులోని చిత్రములు పూర్వపు బరువుననే ఉన్నవా? మూడు ప్రశ్నలకును సంతృప్తికరమైన సమాధానము దొరకిన పిమ్మటనే తక్కిన చిత్రములను చేర్చుడు. ముగిసిన పిదప రెండు ఫోల్డర్లలోని సంఖ్యలను సరిచూడుడు. ఇచ్చట 240 ఉన్నచో అచ్చటను 240 ఉండవలెను.

లినక్స్ యంత్రములవారు, చెన్నైలోని సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ వాడువారును, ఎక్స్ఎన్ కన్వర్ట్ అను సాఫ్ట్‌వేరును గాని, 1990లో వెలువడిన ఇమేజ్‌మ్యాజిక్‌ను గాని వాడుకొనవచ్చును. ఇమేజ్‌మ్యాజిక్‌నందు మాగ్రిఫై అను ఆజ్ఞ కలదు. వేరు ఫోల్డరు చూపనిచో అది మూలముపైననే వ్రాసివేయును. సమ్మతమా అని కూడ అడుగదు. దానిని వాడునప్పుడు రెట్టింపు జాగ్రత్త అవసరము.

మరియొక సంగతి. ఫోనుతో తీసిన చిత్రమునందు తీసిన తేదీ, కొన్ని సమయములందు తీసిన స్థలము కూడ కంటికి కనబడక చేరియుండును. పిల్లల చిత్రములను బయటివారికి పంపునప్పుడు ఎక్సిఫ్ సమాచారమును ఉంచుమను గుర్తును తీసివేయుట మంచిది. మూలములందు మాత్రము ఆ సమాచారము ఉండనిండు. ఏనాటి చిత్రమో రేపటివారు దానివలననే తెలిసికొందురు.

7. పెద్దలు నడచిన దారి

ఈ నియమమును లోకమునందు మహాసంస్థలు కూడ పాటించుచున్నవి. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా వ్యాసములందు మనము చూచు చిత్రములలో పెక్కు 2004లో ఆరంభమైన వికీమీడియా కామన్స్ అను భాండాగారమునుండి వచ్చుచున్నవి. అచ్చట దాత ఇచ్చిన మూలచిత్రము ఇచ్చినది ఇచ్చినట్లే భద్రముగా ఉండును. వ్యాసమునకు కావలసిన చిన్న ప్రతులను యంత్రమే తయారుచేయును. చిన్న ప్రతి పోయినచో మరల చేసికొనవచ్చును. మూలము పోయినచో చేయదగినది ఏమియు లేదు. భాండాగారము కోట్ల చిత్రములతో చేయు పనికిని, మనము 240 చిత్రములతో చేయు పనికిని సూత్రము ఒక్కటే.

విద్యార్థులారా! మీ ఇండ్లలో తాతలనాటి చిత్రములు ఉండును. తమిళనాట తెలుగు చదివిన మనవారి ముఖములు, వారి పేర్లు తెలుగు అక్షరములలో వాని అడుగున ఉండును. వానిని స్కానుచేయుడు, చిన్నవి చేసి బంధువులకు పంపుడు. అయితే జిగ్‌ను సరిచూడక మొదటి రంధ్రము వేయకుడు. మూలమును వేరుగా దాచక మొదటి మీట నొక్కకుడు.

అభ్యాసము

1. 4800 వెడల్పు, 3200 ఎత్తు గల చిత్రముయొక్క పొడవైన అంచును 1200కు తగ్గించినచో ఎత్తు ఎంత? మొత్తము చుక్కలలో ఎన్నవ వంతు మిగులును?

2. సగటు 90 వచ్చునట్లు నాలుగేసి అంకెలుగల మూడు వేరువేరు సమూహములను వ్రాయుడు. వానిలో స్పష్టమైన అంచు దేనియందున్నది?

3. మీ యింటనున్న ఒక పాత సామూహిక చిత్రమును అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కానుచేసినచో ఒక్క ముఖమునకు ఎన్ని చుక్కలు వచ్చునో స్కేలుతో కొలిచి లెక్కింపుడు. అందున్నవారి పేర్లను పెద్దలనడిగి తెలుగులో వ్రాసియుంచుడు.